మనీలాలో నాన్నగారి పుట్టినరోజు భోజనం ఫిలిపినో రెస్టారెంట్‌లో పెట్టుకోవచ్చా? అమ్మ శాకాహారి

పెట్టుకోవచ్చండి. మీ నాన్నగారు పోర్క్, బీఫ్ ముట్టరని, అమ్మగారు గుడ్డు కూడా తినరని రాశారు కదా, మా ఇంట్లోనూ అంతే. కిందటేడు మా నాన్న 65వ పుట్టినరోజుకి మెట్రో మనీలాలోని మకాటిలో ఒక కొత్త తరహా ఫిలిపినో రెస్టారెంట్‌కే ఐదుగురం వెళ్లాం. ముందే ఫోన్ చేసి ఒక్కో వంటకం గురించి అడిగి ఉంటే బాగుండేది. నేను అడగలేదు.

అక్కడ "వెజిటేరియన్" అంటే సరిపోదు. మేం పినక్‌బెట్ చెప్పాం. గుమ్మడి, బెండ, వంకాయ, కాకర, బొబ్బరకాయలు, చూడ్డానికి అచ్చం మన కలగూర. "నో మీట్, మామ్" అంది వడ్డించే అమ్మాయి. అబద్ధం కాదు, మాంసం లేదు. కానీ అమ్మ చెంచా నోటిదాకా తీసుకెళ్లి ఆపేసింది. బగోఓంగ్, అంటే పులియబెట్టిన రొయ్యల ముద్ద. వాళ్లకది మనకి ఇంగువలాంటిది, ఎవరూ మాంసం కింద లెక్కెయ్యరు. పాపం ఆ అమ్మాయే మాకంటే ఎక్కువ కంగారుపడింది.

అందుకని ఈ మాటలు నేర్చుకోండి: వలాంగ్ బాబోయ్, వలాంగ్ బాకా, వలాంగ్ బగోఓంగ్, వలాంగ్ పాతిస్. వలాంగ్ అంటే లేకుండా, బాకా ఆవు, పాతిస్ చేపల సాస్. బాబోయ్ అంటే పంది! మావాడు ఇప్పటికీ ఎవరైనా "బాబోయ్" అంటే పడి పడి నవ్వుతాడు.

ఆ పినక్‌బెట్ బదులు ఎన్సలాదంగ్ తలోంగ్ తెచ్చారు. నిప్పుల మీద కాల్చిన వంకాయ, టమాటా, ఉల్లిపాయ, వెనిగర్. అమ్మ ఏమీ అనకుండా రెండోసారి వడ్డించుకుంది. కరె-కరె కూడా మాంసం లేకుండా చేస్తారేమో అడగండి, వేరుశనగ గుజ్జుతో చేసే కూర అది. బగోఓంగ్ పక్కన విడిగా పెడతారు కాబట్టి వద్దనడం తేలిక. గుజ్జుని మాంసం ఉడికిన నీళ్లతో చేశారేమో మాత్రం కనుక్కోండి. చేమాకుల్ని కొబ్బరిపాలల్లో వండే లాయింగ్ చూసి మోసపోకండి, అందులో ఎండుచేపో పోర్కో ఉంటుంది. నాన్నగారికి రొయ్యల సినిగాంగ్ చెప్పండి. ముల్లంగి, తూటికూర వేసిన చింతపండు చారు. "పోపు పెట్టడం మర్చిపోయారు" అంటూనే మా నాన్న గిన్నె ఖాళీ చేశారు.

పాన్సిత్ తప్పకుండా చెప్పండి. పుట్టినరోజుకి పొడుగు నూడుల్స్ తినడం ఆయుష్షుకని అక్కడి నమ్మకం, తెంపకూడదు. ఆ మాట చెప్పానో లేదో, ఫోర్క్‌తో కోయబోతున్న నాన్న చేతి మీద అమ్మ ఒక్కటి వేసింది. బగోఓంగ్‌ని నమ్మని మనిషి దీన్ని వెంటనే నమ్మేసింది.

కేక్ బదులు కొవ్వొత్తి గుచ్చిన లెచె ఫ్లాన్ అనే పుడ్డింగ్ వచ్చింది, అంతా గుడ్డు సొనే. అమ్మగారికి ఫ్లాన్ ముక్క తీసేసిన హాలో-హాలో చెప్పండి, తురిమిన ఐస్, పాలతో చేసే తీపి అది. పైన ఊదారంగు ఐస్‌క్రీమ్ పెండలంది, దాంట్లో గుడ్డుందేమో కూడా అడగండి.

బిల్లు మాకు సర్వీస్ ఛార్జీతో కలిపి 6,500 పెసోలు దాటింది. సీనియర్లకి చట్టప్రకారం 20% తగ్గింపు ఉందని నేను గొప్పగా నాన్న పాస్‌పోర్ట్ తీశాను. అది ఫిలిప్పీన్స్ పౌరులకేనట. మీరు తియ్యకండి.