నువ్వొక్కడివి చేస్తే ఏమవుతుంది అనేవాళ్లకు నా జవాబు

మనం చేసే చిన్న సాయం చూసి నిజంగా ఎవరైనా మారతారా, లేక అది మన తృప్తి కోసమేనా అని అడిగారు. మారతారు. నేను కళ్లారా చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా.

మాది కల్వకుర్తి దగ్గర పల్లె. 2018 మే నెలలో పంట పెట్టుబడి కోసం ప్రభుత్వం రైతుబంధు మొదటిసారి ఇచ్చినప్పుడు ఎకరానికి 4,000 రూపాయల లెక్కన చెక్కులు పంచారు కదా, ఆ చెక్కు మార్చుకోవడానికి నాయనకు తోడుగా నేనూ బ్యాంకుకు పోయాను. లోపల కాలు పెట్టే సందు లేదు. చెక్కులు పట్టుకున్న రైతులు, పింఛను డబ్బులు తీసుకోవడానికి వచ్చిన ముసలివాళ్లు, అందరి చేతుల్లో ఏవో కాగితాలు, రాసిచ్చేవాళ్లు మాత్రం లేరు. "జర ఇది రాసియ్యవా బిడ్డా" అని ఒక అవ్వ కనిపించినవాళ్లనల్లా అడుగుతోంది.

మూలన బెంచీ మీద ఒక రిటైర్డ్ పంతులు కూర్చుని ఉన్నాడు. తన పని కూడా ఇంకా కాలేదు. అవ్వను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని ఫారం నింపాడు. నన్ను పట్టేసింది మాత్రం ఆ తర్వాత చేసిన పని. రాయడం అయిపోగానే కాగితం ఆమె చేతికిచ్చేయలేదు, అంకె మీద వేలు పెట్టి "అవ్వా, రెండు వేలు అని రాసిన, రెండు వేలే తీస్తున్నవు, లెక్క పెట్టుకో" అని ఆమెకు వినపడేలా చదివి, ఆమె "ఆ, రెండు వేలే" అన్న తర్వాతే వేలిముద్ర వేయించాడు. చదువు రాని మనిషికి తన డబ్బు లెక్క తన నోటితో చెప్పగలగడం ఎంత ధైర్యమో మా నానమ్మను చూసిన నాకు తెలుసు.

కాసేపటికి ఆయన ముందు ఇంకో వరస తయారైంది. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న డిగ్రీ పిల్లగాడొకడు ఎవరూ చెప్పకుండానే జేబులోంచి పెన్ను తీసి "తాతా, ఇటు తే" అన్నాడు. తర్వాత ఒక అంగన్‌వాడీ టీచరమ్మ, ఆ తర్వాత నేను. ముగ్గురమూ అంకె మీద వేలు పెట్టి చదివి వినిపించే రాశాం! ఇలా చేయండి అని పంతులు మాకు ఒక్క మాట కూడా అనలేదు. అంటే సాయం ఒక్కటే కాదు, సాయం చేసే పద్ధతి కూడా అంటుకుంటుందన్నమాట. ఆయన విసుక్కుంటూ రాసి ఉంటే మేమూ విసుక్కుంటూనే రాసేవాళ్లమేమో.

నాకు అర్థమైంది ఏంటంటే, పని చిన్నది కాబట్టే మేం లేచాం. ఆయన ఏ లక్షో దానం చేసి ఉంటే చేతులెత్తి మొక్కి ఇంటికి పోయేవాళ్లం. పెన్ను అందరి దగ్గరా ఉంటుంది.

పెద్ద దానం చూసి కూడా కదులుతారు, కాదనను. 1951 ఏప్రిల్ 18న మన ఉమ్మడి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో భూమి లేని కుటుంబాలు గాంధీజీ శిష్యుడు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే, అక్కడే ఉన్న వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచాడు. భూదానోద్యమం అక్కడే పుట్టింది, దేశమంతటా లక్షల ఎకరాలు వచ్చాయి. కానీ అందులో చాలా భూమి సాగుకు పనికిరానిది, పంచకుండా మిగిలిపోయింది కూడా చాలానే. పదిమంది చూస్తున్నారని ఇచ్చేదానికీ, ఎదుటి మనిషి అవసరం చూసి ఇచ్చేదానికీ ఆ తేడా ఉంటుందని నా అభిప్రాయం. అందుకే సాయం చేస్తూ వీడియో తీయడం నాకు నచ్చదు. తీసుకునేవాళ్లు తలదించుకుంటారు, చూసేవాళ్లకు వీడియో తీయడమే అలవాటవుతుంది.

మీ ఫ్రెండ్స్ "నువ్వొక్కడివి చేస్తే ఏమవుతుంది" అంటున్నారని రాశారు. వాళ్లతో వాదించకండి, టైం వేస్ట్. పింఛన్లు ఇచ్చే రోజుల్లో పోస్టాఫీసుకో బ్యాంకుకో వాళ్లను కూడా వెంటబెట్టుకుని పోండి. రెండు పెన్నులు పెట్టుకోండి, పక్కనున్నవాళ్లు ఒకటి అడుగుతారు.