బయట బాగున్న కెమెరా లెన్స్ చలికాలంలో బెలుం గుహల్లోకి వెళ్లగానే ఎందుకు మసకబారుతుంది?

చల్లబడిన అద్దానికి గుహలోని వెచ్చని, తేమగాలి తగలడమే కారణం. కెమెరా పాడైందని కంగారు పడనక్కర్లేదు.

వెచ్చని గాలి నీటి ఆవిరిని ఎక్కువగా పట్టి ఉంచుతుంది. బాగా చల్లగా ఉన్న అద్దాన్ని తాకినప్పుడు అదీ చల్లబడి, మిగులు ఆవిరిని సన్నని బిందువులుగా అద్దంపై వదిలేస్తుంది. కళ్లజోడుకూ ఇదే తిప్పలు.

గండికోటలో బస చేసి, రాత్రంతా కెమెరాను కారు డిక్కీలో ఉంచారనుకోండి. డిసెంబరు ఉదయం అక్కడి నుంచి కొలిమిగుండ్ల మండలంలోని బెలుంకు వస్తే, బ్యాగులో చుట్టి ఉన్న కెమెరాకు వెచ్చబడే వీలు అంతగా ఉండదు. లోపల ఉక్క. మెట్లు దిగి మూత తీయగానే లెన్స్ తెల్లబడుతుంది. అందుకే దిగే ముందే కెమెరాను జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గాలి నొక్కేసి మూయండి. చెమ్మ కవరు పైనే పడుతుంది. ఇరవై, ముప్పై నిమిషాలాగి తీస్తే సరి. ఆలోపు లెన్స్ మాత్రం మార్చవద్దు, చెమ్మ కెమెరా లోపల బొమ్మను పట్టే సెన్సార్ దాకా పోతుంది.

గుడ్డతో తుడిస్తే పోతుందని చాలామంది అనుకుంటారు. అద్దం చల్లగా ఉన్నంతసేపూ మళ్లీ పడుతూనే ఉంటుంది. పైగా దుమ్ము రాపిడికి గీతలు పడవచ్చు. వెచ్చని గది నుంచి చలిలోకి తెస్తేనే చెమ్మ పడుతుందన్నదీ పొరపాటే. అసలు చిక్కు చలిలోంచి వెచ్చదనంలోకి వచ్చేటప్పుడే. చలిలో చెమ్మ పట్టేది కెమెరాను గంటల తరబడి రాత్రి ఆరుబయట స్టాండుపై వదిలేసినప్పుడు, అదీ మంచు కురిస్తేనే.