ప్రింటింగ్ తప్పు కాదండీ, ఎడమ నుంచే చదవాలి

డ్రామాకాన్ కామిక్స్ పుస్తకం వెనకనుంచి చదివితే కథ తలాతోకా లేకుండా ఉంది, ప్రింటింగ్ తప్పేమో, రిటర్న్ పెట్టేయనా అన్నారు కదా, వద్దండీ, పుస్తకం బాగానే ఉంది. జపాన్ మాంగా (అక్కడి కామిక్స్) అనువాదాలైతే మామూలుగా కుడి నుంచి ఎడమకి చదవాలి గానీ ఇది అనువాదమే కాదు, కెనడా ఆర్టిస్ట్ స్వెత్లానా చ్మకోవా నేరుగా ఇంగ్లీష్‌లోనే రాసి బొమ్మలేసింది, 2005లో టోక్యోపాప్ అనే ప్రచురణ సంస్థ వాళ్ళు మొదటి వాల్యూమ్ తెచ్చారు, అందుకే మన పుస్తకాల్లాగే ఎడమ నుంచి కుడికి. ఇంకేదైనా కొన్నప్పుడు డౌటొస్తే ముందు కవర్ మీ వైపు పెట్టి చూడండి, బైండింగ్ ఎడమ పక్కనుంటే ఇంగ్లీష్ వరస, కుడి పక్కనుంటే జపాన్ వరస. పేజీలో కూడా పైన ఎడమ మూల బాక్స్‌తో మొదలెట్టండి, అందులో ఎడమవైపున్న మాటల బెలూనే ముందు, లేదంటే జవాబు ముందొచ్చి ప్రశ్న తర్వాతొస్తుంది. స్కాట్ పిల్‌గ్రిమ్ కామిక్స్ ఆరు వాల్యూములూ ఇంతే. డ్రామాకాన్ మాత్రం మూడు భాగాలూ చదవండి, క్రిస్టీ పాత్ర నాకు ప్రాణం.