పనసకాయకి టికెట్టు

శ్రీకాకుళం
ఆదివారం సాయంత్రం

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. ఉత్తరమంటే ఉత్తరం కాదులే, వాట్సాప్‌లో పంపిన ఆరు వాయిస్ మెసేజ్‌లు. నేను అరుగు మీద, మీ అత్త వంటింటి గుమ్మంలో కూర్చుని రెండేసి సార్లు విన్నాం. జవాబు మాత్రం కాగితం మీదే రాస్తున్నాను. ఫోన్లో అయితే నాలుగు చీవాట్లు పెట్టి ఊరుకుంటానని నాకే తెలుసు.

"కథలు రాయాలనుంది మావయ్యా, కానీ నా బతుకులో రాయడానికి ఏముంది? లేస్తే స్కూలు, సాయంత్రం పిల్లాడి హోంవర్కు, రాత్రికి ఇడ్లీ పిండి" అన్నావు. నీ స్నేహితురాలు బొమ్మలు వేసి ఇన్‌స్టాలో పెడుతోందనీ, చూసినప్పుడల్లా ముచ్చటేస్తుందనీ, వెంటనే కడుపు మండుతుందనీ కూడా అన్నావు. మంట సంగతి దాచకుండా చెప్పావు చూడు, అక్కడ నాకు నీ మీద నమ్మకం కుదిరింది.

ముందు నీ మూడో మెసేజ్ సంగతి చూద్దాం. నువ్వు "టైమే లేదు" అని చెప్పుకుపోతుంటే వెనకనుంచి మీ అత్తగారు "పిండి పొంగిపోతోందే" అని కేకేశారు. దానికి నీ కొడుకు ఏమన్నాడో విన్నావా? "అమ్మా, పిండి నిద్ర లేచేసింది" అన్నాడు. నువ్వు "ఉండరా" అని నీ బాధ మళ్లీ మొదలెట్టావు. ఇక్కడ మీ అత్త చేతిలో చిక్కుడుకాయ వదిలేసి, ఆ ముక్క మళ్లీ పెట్టమంది. బతుకులో ఏముంది అని నువ్వు అడుగుతున్న నిమిషంలోనే ఒకటి నీ పక్కనుంచి వెళ్లిపోయింది.

నేనేమీ పెద్ద రచయితని కాదు. ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టాను. అచ్చయినవి పందొమ్మిది కథలు. వాటిలో నాలుగు ఇప్పుడు చదివితే నాకే సిగ్గేస్తుంది. అందుకని నాకు తెలిసిన మేరకే చెబుతాను.

పాలకొండ నుంచి శ్రీకాకుళం వచ్చే బండి. ఎండాకాలం, సీట్లు నిండిపోయి మనుషులు ఫుట్‌బోర్డు దాకా ఉన్నారు. ఒక ముసలావిడ గోనెసంచిలో రెండు పనసకాయలు వేసుకుని ఎక్కింది. లగేజీ టికెట్టు తీసుకోవాలమ్మా అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, పనసకాయకి టికెట్టేటి? అదేటి సీట్లో కూకుందా?" అంది. బస్సంతా నవ్వింది. నేను కదలకపోయేసరికి కొంగుముడి విప్పుతూ, "సరే, ఆఫు టికెట్టు కొట్టు. ఇంకా ముగ్గనేదు కదా" అంది.

ఆ రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చి కథ రాశాను. ఎలా రాశాననుకున్నావు? "ఆ వృద్ధురాలు దీనవదనంతో కండక్టరును ప్రశ్నించెను" అని మొదలుపెట్టి, పేదరికం మీద ఒక పేజీ, ప్రభుత్వం మీద ఒక పేజీ. మీ అత్తకి చదివి వినిపించాను. అప్పటికి మాకు పెళ్లయి ఏడాదే. ఆవిడ చాప మీద పడుకుని అంతా విని, "ఆవిడ ఇలాగే మాట్లాడుంటే మీరు ఇంటికొచ్చి నాకు చెప్పేవారా?" అంది. ఐదో తరగతి దాకానే చదివిన మనిషి. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్న ఆ కాగితాలు చింపి, పనసకాయ దగ్గర మొదలుపెట్టి, ఆవిడ మాటలు ఆవిడవే ఉంచి మళ్లీ రాశాను. నా మొదటి కథ అచ్చయింది అలాగే.

కాబట్టి నీ మొదటి పని కథ రాయడం కాదు. పది రూపాయల పాకెట్ పుస్తకం ఒకటి కొనుక్కో. ఫోన్లో వద్దు. ఫోన్ తీస్తే నీ స్నేహితురాలి బొమ్మ కనబడుతుంది, తర్వాత ఇంకెవరి వంటో కనబడుతుంది, నువ్వు రాయాలనుకున్నది పోతుంది. ఏ రోజుది ఆ రోజే మూడు నాలుగు లైన్లు రాయి. బస్సులో చిల్లర లేనప్పుడు టికెట్టు వెనక బాకీ రాసిస్తాం కదా, అలాగ. రాయించుకోని వాడికి దిగాక ఎవడూ ఇవ్వడు.

ఏం రాయాలంటే, ఎవరు అన్నారు, ఏ మాటతో అన్నారు, అప్పుడు వాళ్ల చేతిలో ఏముంది. అంతే. "చాలా ఆనందంగా అనిపించింది" అని మాత్రం రాయకు. ఆర్నెల్ల తర్వాత చదివితే ఎందుకు అనిపించిందో నీకే గుర్తుండదు. నా పాత పుస్తకంలోది ఒకటి ఉన్నదున్నట్టు దించుతున్నాను:

"నాగావళి వంతెన. వాన వెలిసింది. డ్రైవరు వైపరు ఆపడం మరిచిపోయాడు. ముందు సీట్లో పాప దానికి టాటా చెబుతోంది. వాళ్లమ్మ నిద్ర."

ఇది ఇంతవరకూ ఏ కథలోకీ రాలేదు. అయినా ఆ పేజీ తీస్తే ఆ తడి వాసన వస్తుంది నాకు. రాసుకున్నవన్నీ కథలైపోవాలని లెక్క పెట్టుకోకు.

ఊళ్లో జరిగే పెద్ద విషయాల మీద కూడా వెంటనే పడకు. విజయదశమి వెళ్లిన మంగళవారం మీ విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం. పూజారి సిరిమాను అనే పొడవాటి చెట్టుమాను చివర కూర్చుని గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరగడం చూడ్డానికి లక్షల మంది వస్తారు. ఆ మాను గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నువ్వు చిన్నప్పుడు ఎవరి డాబా మీదెక్కి చూశావో, ఆ ఇంటావిడ అరటిపళ్ల బుట్ట ఎక్కడ దాచిందో, అది రాయడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు.

ఇక ఇంట్లోవాళ్ల గురించి రాయడం. ఇది జాగ్రత్తగా చదువు, ఎందుకంటే ఇందులో నేను చెంపదెబ్బ తిన్నాను.

మీ పెద్దమ్మకి చిన్నప్పటినుంచీ సంగీతమంటే పిచ్చి. విజయనగరంలో పుట్టినవాళ్లకి అది ఒంట్లో ఉంటుందేమో. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలుగా 1919లో పెట్టిన సంగీత కళాశాల ఊళ్లోనే ఉంది. కానీ ఇంటి పెద్దకోడలు వెళ్లి చేరే కాలమా అది? పెళ్లయ్యాక చీటీ పాడిన డబ్బుతో పాత హార్మనీ పెట్టె కొని, పక్కింటావిడ గదిలో పెట్టించి, మధ్యాహ్నం అందరూ కునుకు తీసేవేళ వెళ్లి వాయించుకునేది. ఇంట్లో ఎవరికీ తెలీదు. నాకు ఒక రాఖీ పండక్కి చెప్పింది. నేను ఊరుకున్నానా? పేరు మార్చి కథ రాసి పంపేశాను. వారపత్రికలో బొమ్మతో సహా వచ్చింది. పేరైతే మార్చాను గానీ వీధి మార్చలేదు, వేపచెట్టు మార్చలేదు, పక్కింటావిడ కుంటికాలు మార్చలేదు. వారం తిరక్కుండా మీ పెద్దనాన్నగారి చేతిలో ఉంది ఆ పత్రిక.

పారితోషికం నూట యాభై రూపాయలు మనియార్డరు వస్తే, చీర కొని పట్టుకెళ్లాను. గుమ్మంలోనే ఆపేసింది. "నాకున్నది ఒక్క గుట్టురా. అది నూట యాభైకి అమ్ముకున్నావా?" అంది. రెండేళ్లు మాట్లాడలేదు. రాఖీకి పోస్టులో కూడా ఏమీ రాలేదు. పత్రికవాళ్లు కథ బాగుందని కార్డు రాశారు. అది ఇప్పటికీ పెట్టెలో ఉంది, తీసి చూడబుద్ధి కాదు.

చివరికి మీ అమ్మ పెళ్లిలో, భోజనాల బంతిలో నా విస్తరి దగ్గరికొచ్చి పులిహోర వడ్డిస్తూ, తలెత్తకుండా, "హార్మనీ నల్లది అని రాశావు. అది తేనె రంగు" అంది. అంటే కథ చదివింది. ఎన్నిసార్లు చదివిందో ఇప్పటికీ అడగలేదు.

అందుకని చెబుతున్నాను. బతికున్న మనిషి గుట్టు అయితే ముందు అడుగు. వద్దంటే వదిలెయ్. సరేనన్నా పేరొక్కటీ మారిస్తే చాలదు. వీధి, వయసు, చేసే పని, వాయించే వాయిద్యం, అన్నీ మార్చు. అన్నీ మార్చాక కూడా కథ నిలబడిందంటే అప్పుడది నీది. మీ అత్తగారి గురించి రాసేటప్పుడు ఇది ఇంకా బాగా గుర్తుపెట్టుకో. ఆవిడ ఫోన్ చూస్తారు.

నీ స్నేహితురాలి విషయానికి వస్తే, ఆవిడ బొమ్మలు ఫోన్లో చూడ్డం మానెయ్. ఇంటికెళ్లి ఆవిడ వేస్తుండగా పక్కన కూర్చో. ఫోన్లో కనబడేది పూర్తయిన బొమ్మ. పక్కన కూర్చుంటే పాడైపోయిన కాగితాలు, రంగంటిన చున్నీ, మధ్యలో లేచి పాలు దింపడం, అన్నీ కనబడతాయి. కడుపుమంట సగం అక్కడే ఆరిపోతుంది. మిగతా సగం ఉండనీ, పనికొస్తుంది.

నేను పొందూరు రూట్లో తిరిగిన రోజుల్లో, రోజూ మా బస్సెక్కే ఒకావిడ ఇంటికి వీక్లీ ఆఫ్ రోజు వెళ్లాను. ఖద్దరుకి నూలు తీసేవాళ్లు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారని వినడమే గానీ చూసింది అప్పుడే. అరచేతిలో ఇమిడేంత ఎముక, దాని నిండా సన్నటి పళ్లు. గింజ నుంచి పత్తిని ఊడదీయకుండానే, ఒక్కొక్క గింజనీ పట్టుకుని దాని చుట్టూ ఉన్న పీచుని దువ్వుతోంది. నలకా నుసీ రాలిపోయి, పీచు పాపాయి జుట్టులా నిక్కింది. నేనున్న గంటలో ఆవిడ ఒళ్లో పోగైంది చిన్న ముద్దంత. "ఇంత సేపా?" అంటే, "నూరో నెంబరు నూలు ఊరికే వస్తాదేటి" అని నవ్వింది. నూరో నెంబరంటే బాగా సన్నటి నూలు. ఆ గంట నేను రాసింది ఒక్క ముక్క కూడా లేదు. కానీ ఆ నెలలో రాసిన కథని ఐదుసార్లు తిరగరాశాను, విసుగు లేకుండా.

తిరగరాయడం అంటే నీకు టెన్షన్ అని తెలుసు. ఇస్త్రీ చేసిన చీర మళ్లీ తడిపినట్టు ఉంటుంది. మీ ఊళ్లోనే గురజాడ వారిల్లు ఉంది, పిల్లాడిని తీసుకుని ఒకసారి వెళ్లు. కన్యాశుల్కం 1892లో ఆడారు, 1897లో అచ్చు వేశారు, పేరొచ్చింది. అంతటితో ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. దాన్ని పెంచి, దాదాపు కొత్త నాటకంలా మార్చేసి, 1909లో మళ్లీ అచ్చు వేశారు. మనం ఇవాళ చదువుకుని నవ్వుకునేది ఆ రెండోదే. ఆయనకి లేని నామోషీ మనకెందుకు చెప్పు.

చదవడానికి డబ్బు తగలెయ్యకు. ఇక్కడికొచ్చినప్పుడు కథానిలయానికి తీసుకెళ్తాను. కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు, 1997లో పెట్టిన కథల లైబ్రరీ. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా ఒకచోట దొరకాలని ఆయన పట్టుదల. నువ్వు పుట్టిన ఏడాది వారపత్రికలు ఉంటే ఇమ్మని అడుగు. కథలతోబాటు పక్కనున్న సబ్బుల ప్రకటనలూ, వంటింటి చిట్కాలూ కూడా చూడు. పేరు మోసిన కథలే కాదు, ఎవరికీ గుర్తులేని కథలు కూడా నాలుగు చదువు. ఎక్కడ బోరు కొట్టిందో ఆ లైను దగ్గర వేలు పెట్టి, ఎందుకు కొట్టిందా అని ఆలోచించు. నేను గొప్ప కథల దగ్గర కన్నా అక్కడే ఎక్కువ నేర్చుకున్నాను. చా.సో., అదే చాగంటి సోమయాజులు గారి కథలు మాత్రం వదలొద్దు. శ్రీకాకుళంలో పుట్టి మీ విజయనగరంలో స్థిరపడ్డ మనిషి. ఎంత తక్కువ మాటల్లో ముగించేస్తారో చూస్తే నాకు ఇప్పటికీ అసూయే.

టైము సంగతి. పిండి రుబ్బి మూత పెట్టాక ఇరవై నిమిషాలు నీవి. మీ ఆయనకి ముందే చెప్పు, ఆ ఇరవై నిమిషాలూ పిల్లాడు ఆయన డ్యూటీ అని. అడక్కుండా ఇస్తారని చూస్తూ కూర్చోకు. మగవాళ్లం అడిగితే గానీ చూడం, నాతో సహా. మీ అత్త నా కథలు వింటూ పడుకున్న చాప రోజూ ఎవరు పరిచారో నాకు రిటైరయ్యాక గానీ తట్టలేదు.

మొదటి కథ అవగానే పత్రికకి పంపకు, గ్రూపుల్లో పెట్టకు. ఒక్క మనిషికి చదివి వినిపించు. బాగుంది బాగుంది అనేవాళ్లకి కాదు. వింటూ వింటూ ఎక్కడ దిక్కులు చూశారో గమనించు, అక్కడ కొట్టెయ్.

వచ్చే నెల రెండో శనివారం కలిసొస్తే రెండు రోజులు ఉండేలా రా. పుస్తకం తెచ్చుకో, నాలుగు పేజీలైనా నిండి ఉండాలి. నేను చూడను, మీ అత్తకి చదివి వినిపిద్దువు గాని. పనసపొట్టు కొట్టించి ఉంచుతుందట, ఆవ పెట్టి వండుతుందట. పిల్లాడిని మాత్రం తప్పకుండా తీసుకురమ్మంది. పిండి నిద్ర లేచాక మొహం కడుక్కుంటుందా లేదా అని వాడినే అడగాలట.

మీ మావయ్య