వారాంతపు టీవీ కాలమ్ మొదలుపెడుతున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన మొదటి కాలమ్ చదివాను. శని, ఆదివారాల్లో ఇక్కడి టీవీలో ఏం చూడాలో బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకి తెలుగులో చెప్పాలన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. నైట్ డ్యూటీ ముగించుకుని వచ్చిన నర్సు, వారమంతా క్లాసులూ పార్ట్‌టైమ్ పనీ అంటూ పరుగెత్తిన స్టూడెంటు రిమోట్ అందుకునే ముందు నీ రాత చూస్తారు. వాళ్లకి దొరికేది ఒక్క సాయంత్రం. నువ్వేమో కనిపించిన ప్రతి కార్యక్రమం పక్కనా ‘మిస్ కాకండి’ అని రాశావు. అలా రాస్తే వాళ్లు మళ్లీ మొదటికే వస్తారు. ఒక ఆట, ఒక డాక్యుమెంటరీ, ఒక సినిమా ఎంచుకో. మిగతావాటికి ఛానల్, టైమ్ ఇస్తే చాలు. ఎంచుకోవడంలో తప్పు జరిగితే పాఠకులు తిడతారు, తిట్టనీ. వాళ్ల తరఫున ఎంచి పెట్టడమే నీ పని.

అన్నిటికన్నా కష్టం ఆట గురించి రాయడం. రాసేది గురువారం, ఆట జరిగేది ఆదివారం. ‘హోరాహోరీగా సాగనుంది’ అని నువ్వు రాసిన వాక్యం ఏ మ్యాచ్‌కి పెట్టినా సరిపోతుంది. 2019 జూలై 14 గుర్తు తెచ్చుకో. లార్డ్స్‌లో ఇంగ్లండ్, న్యూజిలాండ్ ప్రపంచకప్ ఫైనల్. వింబుల్డన్‌లో జొకోవిచ్, ఫెదరర్ ఫైనల్. సిల్వర్‌స్టోన్‌లో ఫార్ములా వన్ రేసు. మూడూ ఒకే మధ్యాహ్నం! నువ్వే ఆ వారం కాలమ్ రాస్తున్నావనుకో, ఏం రాసేవాడివి?

నేనైతే రూల్స్ రాసేవాణ్ణి. అంతకు ముందు ఏడాది వింబుల్డన్ సెమీఫైనల్లో ఆండర్సన్, ఇస్నర్ ఆరున్నర గంటలకు పైగా ఆడి, ఐదో సెట్ 26-24 దాకా లాగారు. అందుకే 2019లో వింబుల్డన్ కొత్త రూల్ తెచ్చింది: ఐదో సెట్లో 12-12 అయితే టైబ్రేక్, అంటే కొన్ని పాయింట్లతోనే సెట్ తేల్చేసే చిన్న పోటీ. జొకోవిచ్, ఫెదరర్ ఫైనల్ తేలింది సరిగ్గా అక్కడే, 4 గంటల 57 నిమిషాల తర్వాత. లార్డ్స్‌లో ఇద్దరూ 241 దగ్గర ఆగారు, సూపర్ ఓవర్లో ఇద్దరూ 15 కొట్టారు. చివరికి ఎవరు ఎక్కువ బౌండరీలు కొట్టారన్న లెక్క, 26కి 17, ఇంగ్లండ్‌ని గెలిపించింది. ఆ రెండు రూల్సూ ముందే కాగితం మీద ఉన్నాయి. ఫలితం ఎవరూ ముందే చెప్పలేరు కానీ, ముడి ఎక్కడ పడొచ్చో చెప్పొచ్చు. ఇంగ్లండ్ అంతకుముందు మూడు ఫైనల్స్ ఆడి మూడూ ఓడిందనీ, ఫెదరర్‌కి ఇంకో నెలలో 38 నిండుతాయనీ చెబితే, ఆటతో పరిచయం లేనివాళ్లు కూడా కూర్చుని చూస్తారు.

ఎక్కడ వస్తుందో, డబ్బు కట్టాలో లేదో మొదటి వాక్యంలోనే చెప్పెయ్. 2005లో ఆస్ట్రేలియాతో ఆడిన యాషెస్ సిరీస్ తర్వాత ఇంగ్లండ్ సొంతగడ్డ మీద ఆడే టెస్టులు స్కైకి వెళ్లిపోయాయి, అంటే చందా కట్టినవాళ్లకే. ఆ 2019 ఫైనల్ మాత్రం స్కైతో పాటు ఛానల్ 4లో కూడా ఉచితంగా వచ్చింది. మధ్యలో రేసు కోసం మ్యాచ్‌ని వాళ్లదే ఇంకో ఛానల్ మోర్4కి మార్చారు. ఆ చిన్న ముక్క ముందే తెలిస్తే ఎంతమంది టెన్షన్ తగ్గేదో! ఇంకో సంగతి. శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 వరకు ఇక్కడ ఫుట్‌బాల్ లైవ్ ఉండదు. టీవీలో చూపిస్తే జనం చిన్న క్లబ్బుల మైదానాలకి రారన్న భయంతో 1960లలో పెట్టుకున్న ఏర్పాటు అది. మనవాళ్లలో చాలామందికి ఇది తెలియక ఛానళ్లు తిప్పుతూ కూర్చుంటారు. ఒకసారి వివరంగా రాయి.

డాక్యుమెంటరీల దగ్గర నీ విశేషణాలు మరీ ఎక్కువయ్యాయి. ‘హృదయాన్ని కదిలించే’, ‘కళ్లు చెమర్చే’ అన్నావు. కళ్లు చెమరుస్తాయో లేదో చూసేవాళ్లు తేల్చుకుంటారు, నువ్వు తెరమీద కనపడేది చెప్పు. 1964లో ఐటీవీలో ‘సెవెన్ అప్!’ వచ్చింది. ఏడేళ్ల పిల్లలు పద్నాలుగుమందిని కూర్చోబెట్టి, పెద్దయ్యాక ఏమవుతారని అడిగారు. తర్వాత ప్రతి ఏడేళ్లకీ వాళ్ల దగ్గరికి వెళ్లారు. 2019లో వాళ్లకి 63. గుర్రపు పందేల్లో జాకీ అవుతానన్న ఒక పిల్లాడు కొన్ని పందేలు స్వారీ చేశాడు కూడా, కానీ చివరికి లండన్‌లో టాక్సీ నడిపాడు. ఇంత రాస్తే చాలు, ఏ విశేషణమూ అక్కర్లేదు. ఆ పిల్లాడి ముఖం చూడాలని పాఠకుడికి దానంతటదే అనిపిస్తుంది.

ఆటకీ డాక్యుమెంటరీకీ సంబంధం లేదనుకోకు. 1967 జూలై 1న బీబీసీ 2 రంగుల ప్రసారాలు మొదలుపెట్టింది వింబుల్డన్‌తోనే. అప్పుడు ఆ ఛానల్ బాధ్యత జంతువుల డాక్యుమెంటరీలతో పేరుపడ్డ డేవిడ్ అటెన్‌బరోది. ఆయన హయాంలోనే, బల్ల మీద రంగు బంతుల్ని కర్రతో కొట్టే స్నూకర్‌కి ఒక కార్యక్రమం పుట్టింది. బంతుల రంగులే ఆ ఆటకి ప్రాణం, నలుపు తెలుపులో అది చూపించి ఏం లాభం? పక్షుల గురించీ జంతువుల గురించీ మనకి చెప్పిన మనిషే స్నూకర్ బల్ల కూడా ఇంటింటికీ తెచ్చాడన్నది నాకు ఎప్పుడూ సంతోషం కలిగించే విషయం.

సినిమాకి కథ చెప్పొద్దు. ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’ అనే పాత ఇంగ్లిష్ ప్రేమకథ వస్తోందనుకో. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియని 1945 మొదట్లో, దర్శకుడు డేవిడ్ లీన్ దాని స్టేషన్ సీన్లని లాంకషైర్‌లోని కార్న్‌ఫోర్త్‌లో, పగటి రైళ్లకి అడ్డం రాకుండా రాత్రిళ్లు తీశాడు. ఆ స్టేషన్ ఇప్పటికీ ఉంది, రైళ్లు ఆగుతాయి. ఈ ఒక్క సంగతి తెలిస్తే ప్లాట్‌ఫామ్ మీద గడియారాన్నీ ఇంజన్ పొగనీ ఇంకో రకంగా చూస్తారు. అలాగే సినిమా ఎన్నింటికి అయిపోతుందో రాయి. ప్రకటనలు వచ్చే ఛానల్లో గంటన్నర సినిమా దాదాపు రెండు గంటలు పడుతుంది, తెల్లవారుజామున డ్యూటీ ఉన్నవాళ్లకి అది ముఖ్యం. తొమ్మిదిలోపు మొదలవుతుందా, తర్వాతా అన్నది కూడా. పెద్దలకి మాత్రమే పనికొచ్చేవి ఇక్కడ రాత్రి తొమ్మిది తర్వాతే వేస్తారు కాబట్టి, ఇంట్లో పిల్లలున్నవాళ్లు మొదట చూసేది అదే.

వచ్చే వారం కాలమ్ గురువారం పొద్దున్నే పంపు. ఎంచుకున్న మూడిటితో పాటు, ఏవి వదిలేశావో, ఎందుకు వదిలేశావో కూడా విడిగా రాసి పెట్టు. అది కూడా చదువుతాను.

నీ అన్నయ్య