అమెరికాలో కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కలుపుతారట, మనకెందుకు కలపరు?

విజయనగరం నుంచి అడిగారు కాబట్టి మన నీళ్ల దగ్గరే మొదలెడతాను. మన దేశంలో ఫ్లోరైడ్‌తో గొడవ తక్కువై కాదు, ఎక్కువై. భూమిలోని రాళ్ల నుంచే అది బోరు నీళ్లలోకి చేరుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు అని మన ప్రమాణం. మా పిన్ని కొడుకు చిన్నప్పుడంతా బోరు నీళ్లే తాగాడు. ఫ్లోరైడ్ ఎక్కువై ముందుపళ్ల మీద గోధుమరంగు చారలు. ఫొటో అంటే ఇప్పటికీ పెదవులు బిగించేస్తాడు.

అమెరికాలో పిల్లల పళ్లు పుచ్చకుండా 1945లో గ్రాండ్ రాపిడ్స్ నగరంలో దీన్ని కలపడం మొదలెట్టారు. ఇప్పుడక్కడ సూచించే మోతాదు లీటరుకు 0.7 మిల్లీగ్రాము. పళ్లకు మేలు జరిగిన మాట నిజం. కానీ నన్నడక్కుండా నా నీళ్లలో ఎలా కలుపుతారన్నదే అసలు తగువు. ఐర్లండులో గ్లాడిస్ ర్యాన్ అనే తల్లి కోర్టుకెక్కింది. ఎవరి శరీరం మీద వారికి హక్కుందని 1965లో అక్కడి సుప్రీంకోర్టు ఒప్పుకుంది, ఫ్లోరైడ్‌ను మాత్రం ఆపలేదు. అమెరికాలోనే యూటా రాష్ట్రం 2025లో నీళ్లలో కలపడాన్ని నిషేధించేసింది.

నాకైతే ఆ తల్లి ప్రశ్న న్యాయంగానే తోస్తుంది. ఫ్లోరైడ్ పేస్టు కావలసినవాళ్లు కొనుక్కోవచ్చు, తాగే నీళ్లు మానలేరుగా. ముందు మీ బోరు నీళ్లు పరీక్ష చేయించండి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.