రిటైరైనా నిద్రపట్టని ఇంజనీరు గారు

ప్రశ్న: మాది విజయవాడ. మావారికి 69 ఏళ్లు. స్ట్రక్చరల్ ఇంజనీరుగా పాతికేళ్లకు పైగా బిల్డింగులకు డిజైన్లు చేశారు. ఆ రోజుల్లోనే సాయంత్రాలు పాఠాలు చెప్పేవారు. తర్వాత పూర్తిగా ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో చేరిపోయారు. రెండేళ్ల కిందట అక్కడ సివిల్ బ్రాంచి ఎత్తేశారు. అప్పటి నుంచి ఇంట్లోనే, ఒకటే టెన్షన్. 1996లో తాను డిజైన్ చేసిన, కింద పార్కింగ్ వదిలిన ఐదంతస్తుల అపార్ట్‌మెంటు గుర్తొచ్చి తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంటున్నారు. పాత నోటుపుస్తకాలు ముందేసుకుని లెక్కలు మళ్లీ వేస్తున్నారు. అటక మీదున్న ఆ కాగితాల పెట్టెను పాత పేపర్లవాడికి వేసేస్తానని బెదిరించినా మానడం లేదు. గుంటూరులో మా చెల్లెలి కొడుకు గృహప్రవేశానికి వెళితే, భోజనాల వేళ పక్క స్థలంలో పిల్లర్లు కడుతున్న మేస్త్రీతో గొడవ పెట్టుకున్నారు. రింగు కొక్కెం సరిగ్గా వంచలేదని అరిచారు, అంత చిన్నదానికి! ఇవి చాలవన్నట్టు, హైదరాబాద్‌లో మా అల్లుడుగారు తన రెండంతస్తుల ఇంటి మీద ఇంకో రెండు వేయాలనుకుని, ఇల్లు ఆ బరువు మోస్తుందనే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టమంటే 'కుదరదు' అని ముఖం మీదే చెప్పేశారు. 'ఒక్క సంతకమే కదండీ' అని నేనన్నా వినలేదు. ఉగాది నుంచి అమ్మాయి ఫోన్ చేయడం మానేసింది. కార్తీకంలో కాశీకి టికెట్లు తీసుకుంటే ఇప్పుడు రానంటున్నారు. ఈయనకు మతి చలిస్తోందా? అమ్మాయిని ఎలా కలుపుకోవాలి?

జవాబు: అమ్మా, మీరు రాసినదాంట్లో మతి చలించిన లక్షణం నాకు ఒక్కటీ కనిపించలేదు. భయపడుతున్న మనిషి కనిపించారు. ఆ భయం ఉత్తదో, దానికి ఏదైనా ఆధారం ఉందో మీ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు. అల్లుడుగారు, మీరు, చివరికి అమ్మాయి కూడా 'వదిలేయండి' అనే అంటున్నారు. నేను ముందు ఆ ప్రశ్నే అడిగాను.

మా అన్నయ్యది ఇదే వృత్తి. మీ ఊరు, వివరాలు ఏవీ చెప్పకుండా '1996లో కట్టిన ఐదంతస్తులు, కింద పార్కింగ్' అన్నాను. 'స్టిల్టేనా (గోడలు లేకుండా ఒట్టి పిల్లర్ల మీద నిలిచే కింది అంతస్తు)? అయితే ఆయన సరైన చోటే చూస్తున్నారు' అన్నాడు. సంగతేమిటంటే, 2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్ దగ్గర భూకంపం వచ్చినప్పుడు, అక్కడికి రెండొందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూడా అపార్ట్‌మెంట్లు కూలిపోయాయి. వాటిలో చాలావాటికి కింద గోడలు లేకుండా కార్లకు వదిలేసిన పార్కింగ్ అంతస్తే బలహీనమైన చోటు. పై అంతస్తుల్లో ఇటుక గోడలు బిగుతుగా పట్టి ఉంచుతాయి, కింద ఒట్టి పిల్లర్లే ఉంటాయి. నేల ఊగినప్పుడు కుదుపంతా ఆ పిల్లర్ల మీదే పడుతుంది. ఆ అనుభవం తర్వాత 2002లో మన భూకంప కోడ్ ఐఎస్ 1893ను (బిల్డింగులు భూకంపాన్ని తట్టుకునేలా డిజైన్ చేయడానికి ఉన్న జాతీయ నిబంధనల పుస్తకాన్ని) సవరించి, ఇలాంటి మెత్తని అంతస్తులోని పిల్లర్లను, బీములను మామూలుగా వచ్చే బలానికి రెండున్నర రెట్లకు డిజైన్ చేసే నిబంధన చేర్చారు. ఆ 2002 కోడ్‌లోని భూకంప ప్రమాద మ్యాపులో మీ విజయవాడ మూడో జోన్‌లో, అంటే మధ్యరకం ప్రమాదమున్న ప్రాంతంలో ఉంది.

కాబట్టి మీవారు 1996లో తప్పు చేయలేదు. అప్పుడున్న కోడ్ ప్రకారం సరిగ్గానే చేసి ఉంటారు. ఆ తర్వాత కోడ్ మారింది. అలా మారిన కోడ్‌ను ఆయనే క్లాసులో పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పారు. బోర్డు మీద ఆ రెండున్నర రెట్ల లెక్క వేసిన ప్రతిసారీ ఆ పాత బిల్డింగ్ మనసులో మెదలకుండా ఉంటుందా? డిజైన్ మాత్రమే చేసి రిటైరైనవాళ్లు పాతవి మరిచిపోగలరేమో. పాఠాలు కూడా చెప్పినవాళ్లకు ఆ అదృష్టం లేదు. కాలేజీ ఉన్నన్నాళ్లూ పరీక్ష పేపర్లు, ప్రాజెక్టులు అంటూ పగలు గడిచిపోయేది. ఇప్పుడు రాత్రింబవళ్లూ ఆ బిల్డింగే మిగిలింది.

అలాగని అది పడిపోతుందనీ కాదు. కొత్త కోడ్‌కు తూగకపోవడం వేరు, ప్రమాదంలో ఉండడం వేరు. ఆ తేడా తేల్చడానికి పద్ధతులున్నాయి. పాత కాంక్రీటు బిల్డింగులు భూకంపానికి ఎంతవరకు తట్టుకుంటాయో పరిశీలించి, అవసరమైతే బలపరచడానికి ఐఎస్ 15988 అని 2013లో ప్రత్యేకంగా మార్గదర్శకాలే వచ్చాయి. కాంక్రీటు గట్టిదనం చూడటానికి రీబౌండ్ హ్యామర్, లోపల డొల్లలున్నాయేమో చూడటానికి అల్ట్రాసోనిక్ పరీక్ష ఉన్నాయి. పిల్లర్లు చాలవని తేలితే చుట్టూ కొత్త ఇనుము కట్టి కాంక్రీటు పోసే జాకెటింగ్ చేస్తారు. ఖర్చుంటుంది, అయినా చేయలేని పని కాదు.

ఒకటి మాత్రం మీరు గట్టిగా పట్టుబట్టాలి. ఆ లెక్క ఆయన వేయకూడదు. తన డిజైన్‌ను తానే రాత్రి మూడింటికి ఒంటరిగా సరిచూసుకునే మనిషికి ఏ జవాబు వచ్చినా నమ్మకం కలగదు. సరిపోయిందని వస్తే ఎక్కడో ఏదో వదిలేశానేమోనని మళ్లీ మొదలుపెడతారు. ఒకరి డిజైన్‌ను ఇంకొకరు సరిచూడటం ఆ వృత్తిలో మామూలు సంగతే, అందులో చిన్నతనమేమీ లేదు. ఇన్నేళ్లు చదువు చెప్పారు కదా, సొంతంగా డిజైన్ ఆఫీసు పెట్టుకున్న శిష్యులు ఒకరిద్దరైనా ఉంటారు. వాళ్లలో మొహమాటం తక్కువున్నవాణ్ణి ఎంచుకోమనండి. 'మీరు చేస్తే తప్పెందుకుంటుంది సార్' అనేవాడు దీనికి పనికిరాడు. పాత డ్రాయింగులు, లెక్కల పుస్తకాలు అతని చేతికిచ్చి, ఇద్దరూ కలిసి పట్టపగలు ఒకసారి ఆ అపార్ట్‌మెంటుకు వెళ్లి రమ్మనండి. పిల్లర్లకు బీటలున్నాయా, తుప్పు మరకలున్నాయా, పైన ఎవరైనా పెంట్‌హౌస్ వేశారా అన్నవి కంటితో చూస్తేనే చాలావరకు తెలుస్తాయి. అటక మీదున్న ఆ కాగితాల పెట్టెను పాత పేపర్లవాడికి వేసేస్తానని మీరు బెదిరిస్తున్నట్టు రాశారు. ఆ పని మాత్రం చేయకండి. ముప్పై ఏళ్ల కిందటి ఏ పిల్లర్లో ఎన్ని రాడ్లున్నాయో చెప్పగలిగే కాగితం ఇంకెక్కడా దొరకకపోవచ్చు.

పరిశీలనలో ఏదైనా లోపం తేలితే ఏం చేయాలని మీరు అడగలేదు, కానీ మీ అల్లుడుగారు 'కదపకండి' అంటారని నా అనుమానం. కదపాల్సిందే. శిష్యుడు రాసిచ్చిన రిపోర్టుతో, ఒక లాయరుతో మాట్లాడి, ఆ ఫ్లాట్ల అసోసియేషన్‌కు నెమ్మదిగా, రాతపూర్వకంగా చెప్పాలి. న్యూయార్క్‌లో సిటీకార్ప్ అనే 59 అంతస్తుల భవనానికి డిజైన్ చేసిన విలియం లెమెజ్యూరియర్ కథ మీవారికి తెలిసే ఉంటుంది. 1978లో, భవనం పూర్తయ్యాక, ఒక విద్యార్థి నుంచి వచ్చిన ప్రశ్నతో ఆయన లెక్కలు మళ్లీ చూసుకున్నారు. మూలల వైపు నుంచి గాలి వీస్తే, వెల్డింగ్‌కు బదులు బోల్టులతో బిగించిన అతుకులు చాలవని తేలింది. ఆయనే వెళ్లి యజమానులకు చెప్పారు. రాత్రిపూట వెల్డింగ్ చేయించి సరిచేశారు. ఆ సంగతి బయటి లోకానికి 1995 దాకా తెలియలేదు, అలా దాచినందుకు ఆయన్ను తప్పుబట్టినవాళ్లూ ఉన్నారు. నాకూ ఆ దాపరికం నచ్చదు. కానీ చెప్పాల్సినవాళ్లకు వెంటనే చెప్పడం మాత్రం మెచ్చుకోదగ్గది.

ఇక మేస్త్రీతో గొడవ. మీరు అక్కడ ఒక మాట రాశారు: 'రింగు కొక్కెం సరిగ్గా వంచలేదని అరిచారు, అంత చిన్నదానికి!' అది చిన్నది కాదమ్మా. పిల్లర్లో నిలువు రాడ్లను చుట్టి కట్టే రింగుల కొసలు 135 డిగ్రీలు వంగి, కాంక్రీటు లోపలికి దిగి ఉండాలి. మన సైట్లలో పని తేలికని ఎల్ ఆకారంలో 90 డిగ్రీలకే వంచి వదిలేస్తారు. భూకంపంలో పైపెచ్చు రాలగానే ఆ కొసలు తెరుచుకుంటాయి, రాడ్లు బయటికి ఉబ్బుతాయి. ఆయన అన్నది నిజం. అనే పద్ధతే బాగాలేదు. పెళ్లిబట్టల్లాంటి బట్టలేసుకుని వచ్చిన పెద్దమనిషి పదిమందిలో కేకలేస్తే ఏ మేస్త్రీ వింటాడు? క్లాసులో అరిస్తే పిల్లలు భరించారు, మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి కాబట్టి.

నిజానికి ఆయనకు ఇప్పుడు కావలసింది కూడా వినేవాళ్లే. కాలేజీల్లో సివిల్ సీట్లు తగ్గి కంప్యూటర్ సీట్లు పెరిగిపోయాయి, ఆ వెల్లువను మీరూ నేనూ ఆపలేం. కానీ బిల్డింగులు కట్టడం ఆగలేదు కదా. రాడ్లు వంచేవాళ్లు, సెంట్రింగ్ వాళ్లు, డిప్లొమా చదివి సైట్ సూపర్‌వైజర్లుగా చేరిన కుర్రాళ్లు మీ చుట్టుపక్కలే వందలమంది ఉన్నారు. వాళ్లకు ఈ కొక్కెం సంగతి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఇందాకటి శిష్యుడి సైట్లలోనే ఆదివారం పూట ఒక గంట, రాడ్డు ముక్క చేతిలో పట్టుకుని, బ్లాక్‌బోర్డు లేకుండా చెప్పమనండి. జీతం గురించి పట్టించుకోవద్దు, ఆటో ఖర్చులకు మాత్రం తీసుకోమనండి. ఉచితంగా వచ్చే పెద్దాయన్ను నాలుగు వారాల తర్వాత ఎవరూ పిలవరు.

సంతకం విషయానికొస్తే, నేను పూర్తిగా మీవారి పక్షమే. ఈ మాట మీకు కష్టంగా ఉంటుంది. ఒక్క సంతకమే కదా అన్నారు, అదీ అల్లుడుగారి ముందు. పాతికేళ్లు ఆ సంతకంతోనే ఆయన మీ ఇల్లు గడిపారు. ఐదంగుళాల స్లాబు చదరపు మీటరుకు మూడొందల కిలోలకు పైగా బరువుంటుంది. ఒక పిల్లర్ వాటాకు 16 చదరపు మీటర్లు వస్తుందనుకుంటే, ఒట్టి స్లాబే 5 టన్నులు. గోడలు, బీములు, నీళ్ల ట్యాంకు, మనుషులు, సామాను వేరు. రెండంతస్తులు పెంచితే ఆ లెక్కకు రెట్టింపు, అదంతా మోయాల్సింది రెండంతస్తులకని తవ్విన పునాదే. కింద మట్టి ఎలాంటిదో, ఫుటింగు (పిల్లర్ అడుగున ఉండే పునాది దిమ్మె) ఎంత సైజుదో చూడకుండా మామగారు ఎలా సంతకం పెడతారు? ఆ ఇంట్లో ఉండేది ఆయన మనవలే.

అయితే 'కుదరదు' అని ఊరుకోవడంతో అమ్మాయికి అది లెక్కల మాటలా వినపడలేదు. నాన్న తమను కాదన్నాడని వినపడింది. పైగా భర్త ముందు ఆమె తల దించుకోవాల్సి వచ్చింది. అందుకని ముందు ఫోన్ చేయాల్సింది మీరు. సంతకం ఊసెత్తకుండా పిల్లల గురించి మాట్లాడండి. రెండోసారో మూడోసారో మీవారికి ఫోన్ ఇవ్వండి. ఆయన చెప్పాల్సింది ఇంతే: 'అమ్మా, సొంతవాళ్ల ఇంటికి నేను సంతకం పెట్టను, పెట్టకూడదు కూడా. కానీ హైదరాబాద్ వచ్చి రెండ్రోజులు ఉంటాను. మట్టి పరీక్ష చేయిద్దాం, ఒక మూల తవ్వి ఫుటింగు చూద్దాం. లెక్క వేరే ఇంజనీరు వేస్తాడు, ఆ ఫీజు నేనిస్తాను.' పునాది ఒక అంతస్తుకు సరిపోతుందని తేలవచ్చు, అసలే వద్దని తేలవచ్చు. మున్సిపల్ అనుమతి సంగతి ఎటూ ఉంది. అల్లుడుగారికి కాదన్న మనిషి కన్నా కాదన్న కాగితాన్ని ఒప్పుకోవడం తేలిక.

ఆయన కోపం వెనుక ఇంకోటి కూడా ఉందనిపిస్తుంది, ఇది నా ఊహే. నాగార్జునసాగర్ డ్యామ్ అంటే ఇంజనీరు కె.ఎల్.రావు గారని మీ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. విజయవాడ ఎంపీగా, కేంద్రమంత్రిగా చేశారు, పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టారు. అపార్ట్‌మెంట్లకు డిజైన్ చేసిన ఇంజనీరు పేరు మాత్రం ఆ ఫ్లాట్లలో కాపురముండేవాళ్లకు కూడా తెలియదు. బిల్డరు పేరు గేటు మీద ఉంటుంది. ఇన్నేళ్ల తర్వాత సొంత అల్లుడు కూడా తన దగ్గరికి సంతకం కోసమే వచ్చాడంటే ఎవరికైనా గుచ్చుకుంటుంది.

కాశీ టికెట్లు రద్దు చేయకండి. శిష్యుడి రిపోర్టు ఆలోపు వస్తే ఆయన వస్తారు. రాకపోతే మీ చెల్లెల్ని తీసుకుని మీరు వెళ్లిరండి. రెండేళ్లుగా మీరూ మూడింటికే లేస్తున్నారని ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది.

ఇక నిద్ర సంగతి. ఈ వయసులో మగవాళ్లకు రాత్రి మూత్రానికి మెలకువ రావడం మామూలు. మెలకువ అందుకే వచ్చి, ఆలోచన తర్వాత మొదలవుతోందేమో గమనించండి. అదే అయితే ముందు ఫిజీషియన్‌కు చూపించాలి. అలా కాకుండా ఆకలి తగ్గడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి కనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. 'నేనుండి ఏం లాభం' లాంటి మాటలు వినపడితే మాత్రం రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి. శిష్యుడు అంతా చూసి సరిగ్గా ఉందని రాసిచ్చాక కూడా ఆయన అవే లెక్కలు మళ్లీ మళ్లీ వేస్తుంటే, అప్పుడది ఇంజనీరింగ్ సమస్య కాదు, డాక్టరు చూడాల్సిందే. బయటికి వెళ్లడానికి ఒప్పుకోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ముందు మీరే చేసి, ఆయన ఎన్నింటికి లేస్తున్నారో, ఏం తింటున్నారో, బీపీకి ఏ మందులు వాడుతున్నారో చెప్పండి.